నొప్పికి గ్రేడు కట్టినవాడు

బుడాన్ గదిలో ఫ్యాన్ తిరగడం మానేసి పది నెలలైంది. ఫ్యాన్ చెడిపోలేదు. దాని గాలి తగిలితే వాడి కుడిచేతి మీద నిప్పులు పోసినట్టుండేది, అందుకని. గుంటూరు ఎండాకాలం ఒకటి మొత్తం ఆ గది అలాగే గడిపింది. వాడి భార్య ఖాదర్‌బీ కూడా అందులోనే పడుకునేది. వరండాలో మంచం వేసుకోమని నేను రెండుసార్లు చెప్పాను. "అక్కడ దోమలన్నయ్యా" అంది. దోమలు గదిలోనూ ఉన్నాయి.

బుడాన్, నేను దర్శి హైస్కూల్లో ఒకే బెంచీ. పదో తరగతి అయ్యాక నేను కాలేజీకి వెళ్ళాను, వాడు గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వాడు ఒక కమీషన్ కొట్లో కాయకి గ్రేడు కట్టే పనిలో ముప్పై ఏళ్ళు ఉన్నాడు. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి పిడికెడు కాయ తీసి, చెవి దగ్గర ఒకసారి ఆడించి "మీడియం బెస్ట్" అనేవాడు. తేమ ఎంత ఉందో వేళ్ళే చెప్పేవి. తర్వాత మిషను పెట్టి చూసినా అదే వచ్చేది.

నల్లపాడులో మా ఇంటి వెనక వాటాలో వాళ్ళు పదకొండేళ్ళుగా ఉంటున్నారు. నా భార్య రాజేశ్వరి ఉన్న రోజుల్లో వచ్చారు. ఆమె పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఖాదర్‌బీ పొద్దున్నే నా కిటికీలో కాఫీ గ్లాసు పెట్టి, పిలవకుండా వెళ్ళిపోతుంది. లేచీ లేవగానే ఎవరితోనూ మాట్లాడలేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు. తనే కనిపెట్టింది.

నిరుడు ఫిబ్రవరిలో, యార్డు నిండా సరుకు ఉన్నప్పుడు, ఒకదాని మీద ఒకటి పేర్చిన నెట్టు మీంచి ఒక బస్తా జారి బుడాన్ మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. మత్తిచ్చి సరిచేసి సిమెంటు కట్టు వేశారు, ఆరు వారాలకి విప్పారు, ఎముక చక్కగా అతుక్కుంది. అసలు నొప్పి ఆ తర్వాత మొదలైంది. చెయ్యి వాచి, నున్నగా మెరిసిపోతూ, ఒక పూట ఎర్రగా, ఒక పూట వంకాయ రంగులో ఉండేది. చొక్కా చెయ్యి తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. ఆ చేతిని కాస్త ముందుకు పెట్టుకుని, ఎవరిదో సామాను మోస్తున్నట్టు నడిచేవాడు. ఎన్ని మాత్రలు మింగాడో లెక్క లేదు. ఒక డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, చేతిలో ఏమీ లేదు, నీ మనసులో ఉంది అన్నాడట. ఆ రోజు నుంచి బుడాన్ నొప్పి గురించి మాట్లాడటం మానేశాడు. కొన్నాళ్ళకి మిగతా విషయాలు కూడా మానేశాడు.

ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం నన్ను పిలిచి, "ఒరేయ్ సురేంద్రా, మోచేతి కిందికి తీసేయించుకుంటే పోతుందేమో కనుక్కోరా" అన్నాడు.

"ఏది?"

"ఇది" అని చేతిని గడ్డంతో చూపించాడు.

కనుక్కుంటానన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను. మర్నాడు పొద్దున్నే, "కనుక్కున్నావా?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఖాదర్‌బీ తన కత్తిపీట తెచ్చి నా వంటింట్లో పెట్టింది. "ఇకనుంచి కూరలు ఇక్కడ తరుక్కుంటానన్నయ్యా, ఇక్కడ వెలుతురు బాగుంటుంది" అంది. ఆమె నా మొహం వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు. వారం తిరక్కుండా బుడాన్‌నీ ఆమెనీ మంగళగిరి తీసుకెళ్ళాను.

అక్కడ మేడమీద చిన్న క్లినిక్, నొప్పులకి మాత్రమే వైద్యం చేస్తారు. డాక్టరు పేరు నస్రత్. విశాఖపట్నం ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి. బుడాన్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "చెయ్యి ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

"వద్దమ్మా."

"సరే, ముట్టుకోను" అని చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. బుడాన్ భుజాలు కొంచెం కిందికి దిగడం నేను చూశాను.

"ఎముక మానింది, నిజమే" అంది డాక్టరు. "ఆ సంగతి మీ నరాలకి ఇంకా తెలియలేదు. బస్తా ఇప్పుడే పడుతున్నట్టు అవి అరుస్తూనే ఉన్నాయి. నొప్పి అబద్ధం కాదు."

తర్వాత కెటమిన్ గురించి చెప్పింది. ఆపరేషన్లకి ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న మత్తుమందేనట. దాన్నే బాగా తక్కువ మోతాదులో, సెలైన్‌లో కలిపి నాలుగు గంటలపాటు చుక్కలుగా ఎక్కిస్తే కొందరిలో నరాల అరుపు తగ్గుతుందట. బాగా కుంగిపోయి వేరే మందులకి తేరుకోనివాళ్ళకి కూడా ఇస్తున్నారట. "అందరికీ పనిచెయ్యదు. పనిచేసినా ఎల్లకాలం ఉండదు. కొన్ని వారాలు, అదృష్టం బాగుంటే నెలలు. నొప్పి తగ్గి ఉన్న ఆ రోజుల్లోనే చేతికి మళ్ళీ పని నేర్పుకోవాలి. వారానికొకటి చొప్పున మూడుసార్లు ఇస్తాను. గుణం కనిపిస్తే ఇంకో మూడు. కనిపించకపోతే ఆపేస్తాను, ఊరికే ఇచ్చే మందు కాదిది. బీపీ చూస్తూ, పక్కన మనిషి ఉండగా ఇక్కడే ఇవ్వాలి."

బుడాన్ అన్నీ విన్నాడు. మెట్లు దిగుతూ, "నాకొద్దు" అన్నాడు.

"ఎందుకురా?"

"మత్తు అందిగా. పుట్టిన కాణ్ణుంచీ బీడీ కూడా తాగలేదు నేను. ఈ వయసులో మత్తెక్కించుకుని పడుకోమంటావా?"

వెనక మెట్టు మీద ఖాదర్‌బీ ఆగింది. "మరి ఎముక సరిచేసినప్పుడు ఇచ్చింది ఏందయ్యా? మక్కా జంజం నీళ్ళా?"

"అది ఆపరేషను."

"ఇది మందు. చెప్పిన మనిషి మన మనిషే. ఆ తల్లికి తెలియని హరాము నీకు తెలిసిందా?"

ఇంటికెళ్ళాక మా బావ చెంచురామయ్యకి ఫోన్ చెయ్యడం నా పొరపాటు. ఆయన దర్శి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేశాడు. ధైర్యం చెబుతాడనుకుని స్పీకరులో పెట్టాను. "కెటమినా? కుక్కలకి ఆపరేషన్ చేసేటప్పుడు ఇస్తాం కదయ్యా అది" అన్నాడు.

"అదీ సంగతి" అన్నాడు బుడాన్. "నన్ను పశువుల్లో కలిపారు."

"కలపడానికేముంది" అంది ఖాదర్‌బీ. "ఏడాదిగా ఒకే గుంజకి కట్టేసినట్టు కూచున్నావు. ఆ మాత్రం గడ్డి నేనే వేస్తన్నాగా."

బుడాన్ పెదవి చివర చిన్నగా కదిలింది. చాలా రోజులకి చూశానది. మర్నాడు పొద్దున వాడే, "ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు.

రక్తపరీక్షలు, గుండె పరీక్ష అయ్యాక మొదటి గురువారం మందు పెట్టారు. అక్కడి నర్సు శ్రీరమ్య. విజయనగరం నుంచి వచ్చిన పిల్ల, పాతికేళ్ళు ఉండవు. బుడాన్ మంచం మీద పడుకుని ఏసీ వైపే భయంగా చూస్తున్నాడు. ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా, మందుల పెట్టె అట్ట ఒకటి చింపి, స్టూలెక్కి ఏసీ మూతికి అడ్డంగా ప్లాస్టరుతో అంటించింది. గాలి అటుతిరిగి గోడవైపు పోయింది. ఆ పిల్ల మంచిదని నేను అప్పుడే అనుకున్నాను. తర్వాత జరిగినదాన్ని చదివేవాళ్ళు ఈ అట్టముక్క కూడా గుర్తుంచుకోవాలి.

అరగంటకి బుడాన్ కళ్ళు సగం మూతపడ్డాయి.

"ఒరేయ్ సురేంద్రా."

"ఊఁ."

"ఎందుకురా అంత దూరం పోయావు?"

"పక్కనే ఉన్నాను."

"కాదు. నీ తల చింతగింజంత కనపడతంది. చదువంతా ఎక్కడ పెట్టుకున్నావురా అందులో?"

శ్రీరమ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మందు పనిచేసేటప్పుడు అలాగే అనిపిస్తుందని, భయం లేదని చెప్పింది. కాసేపటికి వాడు మళ్ళీ, "నా చెయ్యి అదుగో అక్కడుంది. నేనిక్కడున్నా. అది ఏడుస్తోంది కానీ వినపట్టంలా" అన్నాడు. తర్వాత కళ్ళు పూర్తిగా మూశాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం.

"ఖాదరమ్మా."

"ఏందయ్యా?"

"ఫ్యాన్ వేసుకోవే. ఎన్నాళ్ళు ఉడికిపోతావు?"

ఖాదర్‌బీ లేచి, నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళింది. నీళ్ళ సీసా ఆమె చేతిలోనే ఉంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక కాగితం ఇచ్చింది. దాని మీద గీత, గీత మీద సున్నా నుంచి పది వరకు అంకెలు. అసలు నొప్పి లేకపోతే సున్నా, భరించలేనిదైతే పది. మందు ఎక్కించిన మూడోరోజు క్లినిక్ నుంచి ఫోన్ చేస్తారట, అంకె చెప్పాలి. బుడాన్ దాన్ని తిప్పితిప్పి చూశాడు. "నాకు మార్కులు వెయ్యటం రాదురా. ముప్పై అయిదు దాటి ఎప్పుడూ చూళ్ళేదు."

"నీకు తోచినట్టు చెప్పు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. బస్తాలో చెయ్యి పెట్టినప్పుడు అలాగే మూసుకునేవాడు. "పొద్దున డీలక్స్. ఇప్పుడు బెస్ట్."

అలా మొదలైంది. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, అన్నిటికన్నా కింద తాలు. యార్డు ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను, రంగు వెలిసిపోయి, లోపల డొల్లగా, తెల్లబారిన కాయని తాలు అంటారు. కల్లాల్లో ఆడవాళ్ళు ఆ కాయల్ని ఏరి పక్కన పోస్తారు. రైతు ఆ మాట వింటే మొహం మాడ్చుకుంటాడు. నొప్పి విషయంలో మాత్రం అంతకన్నా మంచి గ్రేడు లేదు. వాడు గ్రేడు చెప్పేవాడు, నేను దాన్ని అంకెలోకి మార్చి ఫోన్లో చెప్పేవాణ్ణి. మొదటి వారం బెస్ట్ అన్నాడు, ఎనిమిది అన్నాను. రెండో వారం మీడియం అన్నాడు, అయిదు అన్నాను. శ్రీరమ్య అంకె రాసుకునేది. ఆ అంకె వెనక మిర్చి యార్డు ఉందని ఆ పిల్లకి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

మూడోసారి మందు పెట్టిన మర్నాడు నేను ఒంగోలు వెళ్ళాల్సి వచ్చింది. రాజేశ్వరి ఆబ్దికం. వాళ్ళ అన్నగారింట్లో పెడతాం. వెళ్తూ వెళ్తూ క్లినిక్ వాళ్ళకి ఖాదర్‌బీ నంబరిచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చి గేటు తీస్తుంటే వెనక వాటా కిటికీలోంచి ఏదో కదులుతూ కనిపించింది. ఫ్యాన్. ఒకటో నంబరు మీద, రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతోంది. దానికింద బుడాన్ కూర్చుని ఉన్నాడు. చేతిమీద పల్చటి తువ్వాలు కప్పుకున్నాడు, ధైర్యంగా. ఖాదర్‌బీ ఆ మూల గోడకి ఆనుకుని నిద్రపోతోంది. మిట్టమధ్యాహ్నం ఆమె పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. లేపొద్దని బుడాన్ ఎడమచేత్తో సైగ చేశాడు.

సాయంత్రం ఆమె నాతో, "నర్సమ్మ ఫోన్ చేస్తే ఆయనే ఎత్తాడన్నయ్యా. నన్ను ముట్టుకోనివ్వలా. తాలని చెప్పాడు" అంది. ఆ మాట వినగానే నాకు ఒంగోలు ప్రయాణపు అలసట పోయింది.

నాలుగు రోజులే. మంగళవారానికి ఆ గుడ్డ కూడా ఓర్చుకోలేక తువ్వాలు తీసేశాడు. బుధవారం ఫ్యాన్ ఆగిపోయింది. డాక్టరు ముందే చెప్పింది కాబట్టి మేం కంగారుపడలేదు. గురువారం ఎలాగూ నాలుగోది పెడతారు. పొద్దున్నే, ఏమీ తినకుండా, ఆటో మాట్లాడుకుని వెళ్ళాం.

కౌంటరు దగ్గర శ్రీరమ్య మమ్మల్ని చూసి కొంచెం తడబడింది. "మీకు ఇవాళ లేదండి. కెటమిన్ ఆపేసినట్టు రాసి ఉంది" అంది. తలవంచుకుని, ఫైలులోకి చూస్తూ చెప్పింది.

బుడాన్ ఎందుకని అడగలేదు. వెనక్కి తిరిగి, చేతిని ముందు పెట్టుకుని, మెట్లు దిగిపోయాడు. వాడి వెనక వెళ్ళబోతున్న ఖాదర్‌బీని నేను ఆపాను.

"ఎవరు ఆపారమ్మా?" అన్నాను శ్రీరమ్యతో.

"ఆయనేనండి."

"ఎవరు?"

"పేషెంటే. నేను ఫోన్ చేస్తే, నొప్పి ఎలా ఉంది, అంకె ఎంత రాసుకోమంటారు అని అడిగాను. చాలమ్మా, చాలు అన్నారు. సరిగ్గా వినబడలేదని మళ్ళీ అడిగితే, చాలు, ఇంక తీసి అవతల పారెయ్యొచ్చు అన్నారు. నాకు ఏడుపొచ్చింది సార్. మందు పనిచెయ్యలేదని కోప్పడ్డారనుకున్నాను. మేడంతో అదే చెప్పాను."

లోపల్నుంచి డాక్టరు నస్రత్ వచ్చి నిలబడింది. "పేషెంటు వద్దంటే నేను బలవంతం చెయ్యను. రెండో వారం అయిదన్నారు గాని, మూడోదానికి ఆ గుణం కూడా పోయిందనుకుని ఆపేశాను. స్లాటు బాపట్ల పేషెంటుకి ఇచ్చాం, మందు మొదలుపెట్టేశాం కూడా."

నేను ఖాదర్‌బీ వైపు తిరిగాను. "ఆరోజు వాడు ఫోన్లో ఏమన్నాడు చెల్లెమ్మా? వాడు అన్నది అన్నట్టు చెప్పు."

"తాలన్నాడు. తాలమ్మా, తాలు. ఇంక తీసి అవతల పారెయ్యొచ్చు అన్నాడు."

"తాలు అంటే?" అంది డాక్టరు.

ఖాదర్‌బీ ఆవిడ వైపు జాలిగా చూసింది. "తాలు తెలియదా తల్లీ? తెల్లకాయ. పసలేని కాయ. ఏరి పారేస్తాం. ఈయన నొప్పిని కాయలెక్క చెబుతాడు. మొదట్లో డీలక్స్ అనేవాడు. ఆరోజు తాలన్నాడు. చెయ్యి మీద గుడ్డ కప్పుకున్నాడు ఆరోజు. ఫ్యాన్ వేశాడు."

శ్రీరమ్య రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

"అంటే సున్నానా?" అంది డాక్టరు మెల్లగా.

"సున్నా కాదు. తాలులోనూ కారం ఉంటది" అంది ఖాదర్‌బీ. "కంట్లో పడితే మండుద్ది. కాని దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు."

డాక్టరు కౌంటరు మీద ఉన్న ఫైలు తీసుకుని, తను రాసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. "ఫోన్ చేసి నేనే ఒకసారి అడగాల్సింది. తప్పు నాది. ఆయన్ని పిలవండి. ఆ మంచం మధ్యాహ్నం ఖాళీ అవుతుంది. కడుపు ఖాళీగా ఉంచుకోగలిగితే ఇవాళే పెడతాను."

తప్పులో నా వాటా కూడా ఉందని చెప్పాను. మూడు వారాలు నేను అంకెలు చెప్పాను గాని, ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పలేదు.

బుడాన్ కింద, చెరకురసం బండి వెనక, గాలి రాని మూల చూసుకుని నిలబడ్డాడు. ఎడమచేత్తో కండువాని కుడిచేతికి పక్కగా తెరలా పట్టుకున్నాడు.

"పైకి పదరా."

"ఎందుకు? పనికిరాదని తేల్చారుగా."

"ఎవరు తేల్చారు?"

"ఆ పిల్ల మొహం చూశాలే. సరుకు తిప్పి పంపేటప్పుడు నేనూ అంతే, రైతు కళ్ళలోకి చూడకుండా చెప్పేవాణ్ణి." కండువా సర్దుకుని, "పర్లేదురా. నాలుగు రోజులన్నా తగ్గింది. చాలామందికి అదీ ఉండదంట" అన్నాడు. వాడి గొంతు మామూలుగానే ఉంది. నాకు భయమేసింది. మోచేతి కిందికి తీసేయించుకుంటానన్నప్పుడు కూడా గొంతు ఇలాగే ఉంది.

"ఒరేయ్, ఫోన్లో నువ్వు తాలంటే ఆ అమ్మాయికి చాలని వినబడింది."

వాడు నా మొహంలోకి చూశాడు. "చాలనా?"

"చాలు, తీసి పారెయ్యొచ్చు. మందు వద్దంటున్నావని రాసుకున్నారు. పనికిరాక ఆపలేదు. నువ్వే ఆపావు."

"తాలుని పారెయ్యక నెత్తిన పెట్టుకుంటారా?"

"ఆ పిల్లది విజయనగరం. అక్కడ మిర్చి యార్డు లేదు."

"ముందు పళ్ళు రెండూ కట్టించుకోమని నాలుగేళ్ళుగా మొత్తుకుంటున్నా" అంది ఖాదర్‌బీ మెట్ల మీంచి. "ఆ సందులోంచి తా ఏదో చా ఏదో నాకే తెలిసి చావదు. పాపం, ఆ పిల్లకేం తెలుసుద్ది?"

బుడాన్ నవ్వాడు. నవ్వితే భుజం కదిలింది, చేతికి తగిలింది, నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి నీళ్ళున్నాయి. "ఏడాదికి నా నోటెంట ఒక్క మంచిమాట వచ్చిందిరా, సురేంద్రా. ఫోను నేనే ఎత్తి చెప్పాను. అదీ వాళ్ళకి తిట్టులాగే వినపడింది."

"పైకెళ్ళి ఆ అమ్మాయికి మళ్ళీ చెబుదువుగాని పద."

మధ్యాహ్నం రెండున్నర దాకా కూర్చున్నాం. వీడి స్లాటులో వచ్చిన బాపట్ల ఆవిడ తెర అవతల మూలుగుతుంటే, బుడాన్ శ్రీరమ్యని పిలిచి, "తొందరపెట్టి లేపొద్దమ్మా ఆమెని. నాకు పర్లేదు" అన్నాడు. శ్రీరమ్య సరేనంది. ఆ పూటంతా వాడి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నడక నెమ్మది చేసింది, గాలి విసురు తగలకుండా. ఖాదర్‌బీ కూడా ఏమీ తినలేదని మూడింటికి గాని నాకు తెలియలేదు. నేను మాత్రం పదకొండింటికే రెండు ఇడ్లీలు తినేశాను. ఆ సంగతి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరు కాగితం లేకుండా వచ్చి కూర్చుంది. "ఇప్పుడు ఏ గ్రేడు?"

బుడాన్ కళ్ళు మూసుకున్నాడు. "మీడియం దాటింది. మీడియం బెస్ట్."

ఆవిడ ఆ మాటే, తెలుగులోనే, ఫైలులో రాసింది. "ఇదిగాక ఇంకో రెండు ఉంటాయి. ఆ తర్వాత మళ్ళీ పెరిగితే కొన్ని నెలలకి మళ్ళీ చూద్దాం. కాని తగ్గిన రోజుల్లో ఊరికే కూర్చోకూడదు. రేపట్నుంచి రోజుకి నాలుగుసార్లు చేతికి దూది తాకించండి. ఓర్చుకోగలిగితే మెత్తటి గుడ్డ. ఆ తర్వాత బియ్యంలో చెయ్యి పెట్టడం."

"దూదా?" అన్నాడు బుడాన్. "మా తాత ఊరూరా తిరిగి దూది ఏకినవాడమ్మా. ఆ పని నాకు రాదని మిర్చిలోకి వచ్చాను."

"ఇప్పుడు నేర్చుకోండి" అంది డాక్టరు.

మర్నాడు ఖాదర్‌బీ పాత దిండు ఒకటి విప్పి అందులోంచి దూది తీసింది. మెడికల్ షాపు దూది గట్టిగా ఉంటుందట. దాన్ని వేళ్ళతో పింజలు పింజలుగా విడదీసి, ఊదితే ఎగిరేంత తేలిక చేసి, వాడి చేతి మీద వదిలేది. మొదటిరోజు మణికట్టు దగ్గర పడ్డ పింజని వాడు ఆరు అంకెలు లెక్కపెట్టి దులిపేశాడు. సాయంత్రానికి పదకొండు. శుక్ర, శని రెండు రోజులూ వెనక వాటాలోంచి వాడి లెక్క వినబడుతూనే ఉంది. మధ్యమధ్య ఒక తిట్టు. తిట్టు విన్నప్పుడు నాకు నిశ్చింతగా ఉండేది.

ఆదివారం పొద్దున ఇద్దరూ నా వరండాలోకి వచ్చారు. బుడాన్ కుర్చీలో, ఆమె కింద మెట్టు మీద. వాడి చేతిని కాసేపు చూసి, "అన్నయ్యా, గోళ్ళు తీసేది ఉందా ఇంట్లో?" అంది.

అప్పుడు చూశాను వాడి గోళ్ళు. విరిగినవి విరగ్గా, మిగిలినవి వంకరగా, పసుప్పచ్చగా పెరిగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ చేతి రంగు చూశాను, వాపు చూశాను గాని వేళ్ళ చివర్లు చూడలేదు. లోపలికెళ్ళి వెతికాను. రాజేశ్వరి దువ్వెనల డబ్బాలో దొరికింది. తుడిచి తెచ్చిచ్చాను.

ఖాదర్‌బీ చీర చెంగు తీసి పక్కన పెట్టుకుంది, తగలకుండా. "చిటికెన వేలు" అంది.

"చెప్పకుండా తియ్యి. చెబితే భయమేస్తది."

టక్‌మంది. బుడాన్ ఊపిరి బిగబట్టాడు. ఆమె ఆగింది. వాడు తల ఊపాడు. రెండోది. మూడోదానికి వాడి నుదుటి మీద చెమట పోసింది.

"ఆపు" అన్నాడు.

ఆమె వెంటనే వదిలేసి, రెండు చేతులూ వెనక్కి తీసుకుంది. ముగ్గురం అలాగే కూర్చున్నాం. రోడ్డు మీద మిర్చి బస్తాల లారీ ఒకటి పోయింది, ఆ ఘాటుకి నాకు తుమ్మొచ్చింది. తుమ్మితే వాడికి అదురుతుందేమోనని ముక్కు పట్టుకుని ఆపుకున్నాను.

"ఇవాళ్టికి ఇంతేలే" అంది ఖాదర్‌బీ. "రేపు తీద్దాం."

బుడాన్ రెండు మూడు సార్లు ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత ఆ చేతిని తనే ముందుకు చాపి, మెల్లగా దించి, ఆమె మోకాలి మీద పెట్టాడు. వాడి అరచెయ్యి ఆమె చీరకి పూర్తిగా ఆనింది.

ఆమె కదల్లేదు. కట్టర్ ఎక్కడ పెట్టిందో కూడా చూసుకోలేదు.

కాఫీ పెడతానని నేను లోపలికి వచ్చేశాను. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా వంటింట్లోనే నిలబడ్డాను. బయట చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నాలుగో వేలి గోరు టక్‌మంది.